చివరి దాకా రాని నీళ్లు

ఖలీల్‌కు నిన్నటి నుంచి మనసు మనసులో లేదు. నమాజుకు నిలబడితే నిన్నటి మాటలే చెవిలో మోగుతున్నాయి. జపమాల పట్టుకుంటే పూసలు వేళ్లలోంచి జారిపోతున్నాయి. తనని, ఈ ఖలీల్‌ని పట్టుకుని, రంగు చూసి మనిషిని వేరు చేస్తాడని అంటారా!

గోల్కొండ కోటకు అవతల రాళ్లగుట్ట మీద బుర్హాన్ షా అనే సూఫీ గురువు ఆశ్రమం ఉండేది. ఇరాన్ వాళ్లు, తురుష్కులు, ఈ నేల మీదే పుట్టిన దక్కనీలు, అందరూ అక్కడ ఒకే గుడ్డ పరుచుకుని ఒకే వరసలో కూర్చుని తినేవాళ్లు. "మా పంక్తిలో రాజూ లేడు, బంటూ లేడు" అని ఖలీల్ వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెప్పేవాడు. వడ్డన అతనిదే. తినడం అయ్యాక కొమ్ముచెంబు పట్టుకుని వరసగా అందరి చేతుల మీదా నీళ్లు పోయడమూ అతనిదే. ఖలీల్ మంచివాడు. తాను మంచివాణ్ణని అతనికి బాగా తెలుసు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

అవి ఎండాకాలపు రోజులు. నీళ్లు కావాలంటే గుట్ట దిగి బావి నుంచి మోసుకు రావాలి. అందుకని చేతులు కడగడానికి పూటకు ఒక్క చెంబే అని గురువుగారు నియమం పెట్టారు. పోసేవాడు చూసి పోయాలి, అందరికీ రావాలి.

ఆ ఏడు కొత్తగా చేరినవాడు మర్జాన్. హబ్షీ, అంటే ఆఫ్రికా సంతతివాడు. వాళ్ల తాత ఎప్పుడో ఓడలో సముద్రం దాటి వచ్చాడు గాని, మర్జాన్ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఒక సర్దారుగారి గుర్రాల దగ్గర పని వదిలేసి గురువుగారిని వెతుక్కుంటూ వచ్చాడు. మాట తక్కువ మనిషి. నిన్న మధ్యాహ్నం, అందరూ చేతులు తుడుచుకుంటూ లేస్తుంటే, ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని అన్నాడు:

"ఇక్కడ కూడా నేను నల్లవాణ్ణేనన్నమాట."

తేనెతుట్టె మీద రాయి పడ్డట్టయింది.

"ఎవరన్నారు? పేరు చెప్పు!" అన్నాడొకడు.

"ఎవరూ అనలేదు."

"మరి?"

"చెంబు నా దాకా వచ్చేసరికి రోజూ ఖాళీ అవుతుంది. రోజూ నేనే గుట్ట దిగి బావి దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాను."

పంక్తంతా గొల్లున నవ్వింది. నీళ్లు అయిపోవడానికీ రంగుకూ ఏమిటి సంబంధం? చెంబుకు కళ్లున్నాయా? నవ్వు కాసేపట్లోనే అరుపులయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కొక్కడూ లేచి, తన స్నేహితుల్లో నల్లవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పడం మొదలుపెట్టాడు. అందరికంటే గట్టిగా అరిచింది ఖలీలే. "చెంబు చిన్నది! ఎండలు మండుతున్నాయి! నేనేమైనా కావాలని చేశానా?"

మర్జాన్ లేచి బావి వైపు దిగిపోయాడు. పొద్దున చూస్తే అతని బట్టల మూట గుమ్మం దగ్గర ఉంది. ఈ పూట తిని వెళ్లిపోతాడట.

ఖలీల్ ఆగలేక గురువుగారి దగ్గరికి వెళ్లాడు. బుర్హాన్ షా తన పాత కంబళికి అతుకు వేసుకుంటున్నారు.

"హజ్రత్, మీరొక ఆజ్ఞ ఇవ్వాలి. ఈ రంగుల మాట ఇక్కడ ఎవరూ ఎత్తకూడదని చెప్పండి. మొన్నటిదాకా అన్నదమ్ముల్లా ఉన్నాం. అతను ఒక్క మాట అన్నాడు, ఇల్లంతా అంటుకుంది. నిన్నటి నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. అసలు ఆ మాట ఎత్తితేనే ఎందుకింత మంట?"

"మర్జాన్ ఎక్కడ కూర్చుంటాడు బేటా?"

"చివర్న. చెప్పులు విడిచే చోట."

"అక్కడ కూర్చోమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు హజ్రత్. అతనే కూర్చుంటాడు."

గురువుగారు సూది గుచ్చి పక్కన పెట్టారు. "ఆజ్ఞ సంగతి భోజనాలయ్యాక చూద్దాం."

మధ్యాహ్నం అందరూ కూర్చున్నాక ఆయన వచ్చారు. ఎప్పుడూ కూర్చునే మొదటి చోటు దాటి, వరస పొడుగునా నడిచి, మర్జాన్‌కు అవతల చెప్పుల పక్కన చతికిలబడ్డారు.

"హజ్రత్, మీ చోటు ఇక్కడ!" అని నలుగురూ లేవబోయారు.

"ఇక్కడ గాలి బాగుంది. తినండి" అన్నారాయన.

అన్నం, దాల్చా. నెయ్యి కాస్త ఎక్కువే పడింది. తినడం అయింది. ఖలీల్ చెంబు ఎత్తాడు. ఎత్తగానే వరస చివరికి చూశాడు. గురువుగారు చివర్న ఉన్నారు. ఆయన ఎంగిలి చేత్తో కూర్చుని ఉండగా చెంబు ఖాళీ అయిందంటే ఇక తను తలెక్కడ పెట్టుకోవాలి?

మొదటివాడి చేతుల మీద సన్నగా ధార కట్టాడు. రెండోవాడికీ అంతే. వేళ్లు తడిశాయనగానే చెంబు నిటారుగా పెట్టి పక్కవాడి దగ్గరికి జరిగాడు.

"ఏం ఖలీల్ మియా, నీళ్లు పోస్తున్నావా, అత్తరు పూస్తున్నావా?" అని ఇరాన్ శిష్యుడు నవ్వాడు. ఖలీల్‌కు నవ్వు రాలేదు. ఒళ్లంతా కళ్లు చేసుకుని చెంబు బరువు చూసుకుంటూ నడిచాడు. చివరికి వచ్చాడు. ఇంకా నీళ్లున్నాయి. హమ్మయ్య అనుకుని వంగి గురువుగారి ముందు చెంబు వంచబోయాడు.

గురువుగారి చేతులు ముందుకు రాలేదు. ఒళ్లో అలాగే ఉన్నాయి.

ఖలీల్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత పక్కకు చూశాడు. తను మర్జాన్‌ను దాటి వచ్చేశాడు.

వెనక్కి అడుగు వేశాడు. మర్జాన్ చేతులు చాపాడు. ఖలీల్ నీళ్లు పోశాడు. ఆ తర్వాతే గురువుగారు చేతులు చాపారు. కడుక్కుని, చెంబును వేలితో తట్టారు. లోపల నీళ్లు గలగలమన్నాయి.

"ఈవాళ మిగిలాయే!" అన్నారు.

గట్టిగా కూడా అనలేదు. కానీ వరసంతటికీ వినపడింది. ఖలీల్ చెవులు భగ్గుమన్నాయి. చెంబు చిన్నది హజ్రత్, ఎండలు, నేను కావాలని... మాటలన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. నిన్న అరిచినవే, అక్షరం తేడా లేదు. వాటి వెనక కోపం కూడా ఉంది. ఎవరి మీద? గురువు మీదే. ఇంతమంది ముందు ఆ మాట ఎందుకెత్తాలి ఆయన? ఎత్తకుండా ఉంటే ఏం పోయేది?

బుర్హాన్ షా అతని మొహంలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే ఖలీల్‌కు కాస్త హాయిగా ఉండేది.

"పొద్దున ఏదో ఆజ్ఞ ఇమ్మన్నావు కదా బేటా," అన్నారు. "ఇవ్వనా?"

మర్జాన్ తడి చేతులు తన చొక్కాకే తుడుచుకోబోతున్నాడు. ఖలీల్ గబుక్కున భుజం మీది తువ్వాలు తీసి అందించాడు. రోజూ వరసంతా తిరిగే ఆ తువ్వాలు ఈ చివరికి ఎన్నడూ రాలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మర్జాన్ వెంటనే అందుకోలేదు. ఖలీల్ చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు.