ఒంటిచేతి ముడి

ఓడ పని నేర్పే బడికి ప్రిన్సిపాల్ అయిన ఏడాదికే వరహాలరావు తల పట్టుకున్నాడు. తనకి ఓడ నడపడం నేర్పిన గురువు, ముసలి కెప్టెన్ దానయ్య గారు ఉండేది ఆ ఊళ్లోనే. తిన్నగా వెళ్లి ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

"మా మాస్టర్లకి పాఠం చెప్పడం రావట్లేదు గురువుగారూ. రోజూ ప్రతి క్లాసు గుమ్మంలో నిలబడి వింటాను. తప్పు దొర్లితే అక్కడికక్కడే దిద్దుతాను. అయినా బాగుపడరేం! ఆ తాళ్ల మాస్టారు పైడిరాజు అయితే మరీనూ. సగం జీవితం ఓడల మీదే గడిపొచ్చాడు, నన్ను చూస్తే నోట మాట రాదు. రేపు ఇంటికి పంపించేస్తున్నా."

"పంపిద్దువుగానిలే. ముందు నన్నోసారి విననీ," అంటూ దానయ్య గారు చెప్పులు వెతుక్కున్నారు.

ఇద్దరూ వెళ్లి గుమ్మంలో నిలబడ్డారు. నీళ్లలో పడ్డవాడు ఒంటిచేత్తో నడుముకి వేసుకునే ముడి ఒకటుంది. అదే చూపిస్తున్నాడు పైడిరాజు. ప్రిన్సిపాల్ కంటపడ్డాడో లేదో, తాడు కాస్తా చేతిలోంచి జారిపోయింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

"చూశారా!" అన్నాడు వరహాలరావు.

దానయ్య గారు లోపలికెళ్లి, పంచె సర్దుకుని, పిల్లల మధ్య నేల మీద చతికిలబడి, ఓ తాడు నడుముకి చుట్టుకున్నారు. ముసలి వేళ్లు, ముడి నిలవలేదు.

"మాస్టారూ, నాకు పడట్లేదండీ. ఇంకోసారి చూపించరూ?"

అంత పెద్ద కెప్టెన్ 'మాస్టారూ' అనేసరికి పైడిరాజు బిత్తరపోయాడు. తర్వాత వచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"వేళ్లతో కాదు బాబూ, మణికట్టు తిప్పాలి. అల కొడుతుంటే వేళ్లు మాట వింటాయా? ఓసారి మా సరంగు పడ్డాడండీ నీళ్లలో..." అని మొదలెట్టాడు చూడండి, ఇక ఆగితేనా! గాలివానంతా గదిలోకొచ్చేసింది. పిల్లలు నవ్వు మర్చిపోయి చుట్టూ మూగిపోయారు.

వరహాలరావు గుమ్మంలోంచే పిలిచాడు. "గురువుగారూ, ఇక వెళ్దామా?"

"నువ్వెళ్లు నాయనా. నాకింకా రాలేదు."

వరహాలరావు వెళ్లలేదు. బూట్లు విప్పేసి, ఆయన పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు. తాడు చుట్టుకుని లాగాడు.

పైడిరాజు వంగి చూశాడు. గొంతు ఏమాత్రం తడబడలేదు.

"తప్పు సార్. విప్పండి."

వరహాలరావు విప్పాడు.