గోడకు వేసిన ధూపం

ఆంథోనీ ముడుచుకుపోయి అప్పటికి వారం. జిలానీకి అన్నం సహించడం లేదు.

ఊరెళ్ళిన బుర్హాన్ బాబా ఆ సాయంత్రమే తిరిగొస్తున్నాడు. గడప దాటేటప్పుడు ఆయన శిష్యుడు జిలానీకి ఒకే ఒక్క మాట చెప్పి వెళ్ళాడు. "నా ఆంథోనీని చూసుకోరా."

ఆంథోనీ మనిషి కాదు, పగడం. కాకినాడ రేవుకు దగ్గర్లో ఉన్న ఆ చిన్న ఖాన్‌ఖాకు, అంటే సూఫీ ఫకీర్ల మఠానికి, పెద్ద అయిన బాబా, ఫకీరు కాకముందు ఓడల్లో ఇంజినీరు. సముద్రాన్ని వదిలినా సముద్రం ఆయన్ని వదల్లేదు. గదిలో ఒక గోడ పొడవునా అద్దాల తొట్టి, అందులో ఉప్పునీరు, రాళ్ళు, ఆ రాళ్ళ మీద పగడాలు. అన్నిటి మధ్యా పుట్టగొడుగులా నిలబడి ఉంటుంది మెత్తటి పగడం ఒకటి. గొడుగు నిండా సన్నటి వేళ్ళు చాచి, నీటిలో ఊగుతూ, తేలివచ్చే నలుసుల్ని అందుకుంటుంది. ఓడలో బాబాకు తోడుగా పనిచేసిన ఆంథోనీ, తన తొట్టిలో పెంచిన పగడం నుంచి ఓ ముక్క కోసి ఇచ్చాడు. తర్వాత అతను పోయాడు. ముక్క పెరిగింది. పేరు దానికి మిగిలింది.

ఆ ఆంథోనీ ఇప్పుడు వేళ్ళన్నీ లోపలికి లాక్కుని, ఎండిన తోలుముక్కలా ఒక పక్కకి వాలిపోయి ఉన్నాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే దక్కడు.

జిలానీ చెడ్డవాడేం కాదు. బాగా చదివినవాడు. చదివిందాంట్లో సగం పుస్తకాల్లోది, సగం గోడల మీది. లోకంలో అన్యాయం ఉందని తెలిసిన రోజు నుంచి మామూలు గొంతుతో మాట్లాడ్డం మానేశాడు.

బాబా వెళ్ళిన మర్నాడే తొట్టిలో అన్యాయం కనిపించింది. రాళ్ళ వెనక మూలల్లో మురికి పేరుకుపోయింది. దాని మీద ఎర్రటి జిగురు పాకుతోంది. నీటిని కదిలించే పాత పంపు ముసలిదై మూలుగుతోంది. పైగా దాని మూతి ఎటుంది? ఎదుటి అద్దం వైపు!

"ఆకలి ఒకడిది, విస్తరి ఇంకొకడిదా!" అని మండిపడి, జిలానీ బజారుకు పరుగెత్తాడు. కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద పంపు కొన్నాడు.

"ఎటు తిప్పి పెడతారండీ?" అని అడిగాడు కొట్టువాడు.

"అవసరం ఎవరికి ఉందో వాళ్ళ వైపే!"

అలా పంపు మూతి తిన్నగా ఆంథోనీ మొహానికి గురిపెట్టాడు. నీరు ఏట్లో వరదలా దూకింది. ఆంథోనీ ముడుచుకున్నాడు.

ఆ ఊపులోనే గురువారం వచ్చింది. ఆ ఖాన్‌ఖాలో ఒక ఆచారం ఉంది. గురువారం సాయంత్రం సాంబ్రాణి వేసేవాడు జనం వైపు వీపు పెట్టి, మూలకు తిరిగి, పొగను విసనకర్రతో గోడ మీదికి విసురుతాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. జిలానీ అడిగాడు.

"గోడకేమైనా జలుబు చేసిందా, మస్తాన్‌బీ?"

మస్తాన్‌బీ ఖాన్‌ఖాలో వంట చేసే పెద్దావిడ. "పెద్దల నాటి నుంచీ అంతే నాయనా," అంది.

"అదే మన జబ్బు! జనం ధూపం జనానికే!" అంటూ జిలానీ నిప్పుల కుంపటి అందుకుని, కూర్చున్నవాళ్ళ మొహాల్లోకి పొగ విసరడం మొదలుపెట్టాడు. జనం దగ్గారు. కళ్ళు నులుముకున్నారు. ఒక్కొక్కరే లేచి అరుగు మీదికి పోయారు. చివరికి లోపల జిలానీ, పొగ మిగిలారు.

మస్తాన్‌బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ గుమ్మంలోంచి తొంగిచూసింది. "విప్లవం వచ్చినట్టుందిరా. మనుషులే లేరు."

మళ్ళీ గురువారం నాటికి బాబా వచ్చాడు. సంచీ కింద పెట్టి, తిన్నగా తొట్టి ముందు కూర్చున్నాడు. చారల చేప ఒకటి ఎదురుగాలిలో సైకిల్ తొక్కేవాడిలా, ఎంత ఈదినా ఉన్నచోటే ఉంది. దాన్ని చూసి పకపకా నవ్వాడు. ఆంథోనీని చూశాక మాత్రం నవ్వు ఆగింది.

"నేనే చేశాను బాబా," అన్నాడు జిలానీ. అయినా తగ్గలేదు. "మూలల్లో కుళ్ళు చూస్తూ ఊరుకోలేకపోయాను. వాడికి మంచి చేద్దామనే పెట్టాను. ఇంత నీరు మొహాన పోస్తుంటే వేలు కూడా కదపడేంటి? ఇది జడత్వం బాబా! అలవాటుపడిన బానిసత్వం!"

"అవునురా. వాడు ఓడలోనూ అంతే, వట్టి బద్ధకస్తుడు," అన్నాడు బాబా. తర్వాత వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "మస్తాన్‌బీ! సాంబ్రాణి వేళ కాలేదూ? నిప్పులు పట్రా."

నిప్పులు వచ్చాయి. బాబా జిలానీని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాడు. గుప్పెడు సాంబ్రాణి కుంపట్లో పోసి, దాన్ని అతని ముక్కు కిందకి తెచ్చి, విసనకర్ర అందుకున్నాడు.

"నీ పద్ధతే," అంటూ విసిరాడు.

"బాబా... బా..."

తర్వాత మాట లేదు, దగ్గు. జిలానీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మోకాళ్ళు గుండెల దగ్గరికి లాక్కున్నాడు. తల కండువాలో దూర్చేసి, పీట మీద ముద్దలా అయిపోయాడు.

"పీల్చరా. మేలురకం సాంబ్రాణి, నీ కోసమే వేశాను," అని బాబా ఇంకా విసిరాడు. "ఇంత పరిమళం మొహాన పోస్తుంటే వీడు వేలు కూడా కదపడేంటి, మస్తాన్‌బీ?"

"జడత్వం బాబా," అంది మస్తాన్‌బీ, మొహంలో నవ్వు పొక్కకుండా. "అలవాటుపడిన బానిసత్వం."

బాబా లేచాడు. శిష్యుడికి వీపు పెట్టి, మూలకు వెళ్ళి, అదే కుంపటి పొగను అదే జోరుతో గోడకేసి విసిరాడు. పొగ గోడను కొట్టుకుని చెదిరింది. పైకప్పు దాకా పాకి, తిరిగి, దారి తప్పినదానిలా నలుమూలలా తిరుగుతూ మెల్లగా గదంతా దిగింది.

కండువాలోంచి ముందు ముక్కు బయటికొచ్చింది. తర్వాత తల. కాళ్ళు కిందకి జారాయి. జిలానీ నిండా ఊపిరి పీల్చి, కళ్ళు తెరిచాడు.

బాబా వెనక్కి తిరిగి చూడలేదు.

జిలానీ లేచి, పంపు స్విచ్ ఆపి, చొక్కా చేతులు పైకి మడిచి తొట్టిలో చెయ్యి పెట్టాడు. పంపు మూతిని ఎదుటి అద్దం వైపు తిప్పి, మళ్ళీ స్విచ్ వేశాడు. నీరు అద్దాన్ని కొట్టుకుని విరిగింది. సుడులు తిరిగి, రాళ్ళ వెనకగా వచ్చింది. మూలల్లోని మురికి కొంచెం కొంచెంగా లేచి కొట్టుకుపోసాగింది. చారల చేప తనకు నచ్చినచోటికి వెళ్ళింది.

ఆ సాయంత్రం జనం వచ్చి లోపలే కూర్చున్నారు. ధూపం గోడకే వేశారు. జిలానీ మాత్రం తొట్టి ముందు నుంచి కదల్లేదు.

భోజనాలకు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, మస్తాన్‌బీ పలావు వడ్డిస్తుండగా ఒక వేలు కనిపించింది. గొడుగు అంచున, తెల్లగా, నూలుపోగంత. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే గొడుగంతా మొలకెత్తినట్టు అయింది. ఆంథోనీ నిటారుగా లేచి, నీటిలో ఊగడం మొదలుపెట్టాడు.

"బాబా," అన్నాడు జిలానీ. కేక వెయ్యబోయి, ఎందుకో మెల్లగా అన్నాడు.

బాబా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు చూశారు. జిలానీ కళ్ళు తుడుచుకుని, పంపు రెగ్యులేటర్ మీద చెయ్యి వేశాడు.

"జోరు తగ్గించేస్తాను బాబా. దీనిది, నాదీ."

బాబా అతని మణికట్టు పట్టుకుని ఆపాడు.

"వద్దు. మూలల్లో మురికి ఇంకా చాలా ఉంది."