అబ్బులు గారి బీపీ

కన్నవాళ్ళు చిద్విలాస్ అని పేరు పెట్టారు గానీ, ఆ డాక్టరు కుర్రాడి ఒంట్లో నిదానం అన్నది మచ్చుకైనా లేదు. నడిచే చోట పరిగెత్తేవాడు, చెప్పే చోట అరిచేవాడు. ఎమర్జెన్సీ వార్డులో డాక్టరంటే అలాగే ఉండాలని అతని గట్టి నమ్మకం.

అందుకే తన గురువు ఖమరున్నీసా మేడం అంటే అతనికి గౌరవంతో పాటు రవ్వంత విసుగు కూడా ఉండేది. ఆవిడ ఆ ఆసుపత్రిలో గుండె జబ్బుల పెద్ద డాక్టరు. మాట్లాడితే పక్కనున్నవాళ్ళు చెవి ఒగ్గి వినాల్సిందే.

ఆ రోజు పొద్దున్న గెద్దాడ అబ్బులు అనే పెళ్ళివంటల మేస్త్రిని కల్యాణమండపం నుంచి నేరుగా తీసుకొచ్చారు. ఒంటి మీద బనీను, భుజాన పసుపు మరకల తువ్వాలు. గాడిపొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పుతున్నవాడు ఉన్నట్టుండి రొమ్ము పట్టుకుని కూలబడ్డాడట.

"రొమ్ములో మొదలై వీపులోకి పోయిందండీ," అన్నాడు పళ్ళు బిగబట్టి. "లోపలెవరో పాత పంచె చింపుతున్నట్టుందండీ."

స్కానింగ్ తీస్తే అతను చెప్పింది అక్షరాలా నిజమని తేలింది. గుండెలోంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగింది. ఆపరేషన్ చేసి తీరాలి. సర్జన్లు థియేటర్ సిద్ధం చేసుకుంటున్నారు. వాళ్ళు పిలిచేదాకా బీపీ దించి ఉంచాలి. రక్తం ఎంత జోరుగా కొడితే చిరుగు అంత సాగుతుంది. మరీ సాగితే ఇక ఆపరేషన్ అవసరమే ఉండదు.

మేడం పక్క వార్డులో ఇంకో పేషెంటు దగ్గర ఉన్నారు. చిద్విలాస్ ఫోన్ చేసి చెప్పాడు.

"నేను చూసుకుంటాను మేడం. మీరొచ్చేసరికి బీపీ నూట ఇరవై లోపల ఉంటుంది."

"మంచిది. అవసరమైతే పిలువు," అన్నారావిడ.

మానిటర్ మీద నూట తొంభై ఉంది. చిద్విలాస్ బీపీ దించే మందు డ్రిప్‌లో ఎక్కించమన్నాడు. "పెంచండి సిస్టర్! ఇంకొంచెం పెంచండి!" అని వార్డు అదిరేలా అరిచాడు.

"నొప్పండీ బాబూ," అన్నాడు అబ్బులు.

"ఆగండి, ముందు మీ బీపీ దించనివ్వండి!"

గుమ్మంలో నిలబడ్డ అబ్బులు భార్య మంగతాయారు ఆ కేక విని బావురుమంది.

అంకె నూట డెబ్భైకి దిగింది. చిద్విలాస్ మొహం వెలిగింది. అంతలోనే గుండె వేగం పెరగడం మొదలైంది. రక్తనాళాలు వదులైనకొద్దీ గుండె దౌడు తీసింది. కాసేపటికి బీపీ కూడా దాని వెనకాలే ఎగబాకి ఎక్కడ బయల్దేరిందో అక్కడికే వచ్చి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే అబ్బులు మొలలోని బటన్ ఫోను మోగింది. ఆసుపత్రి అంతటికీ వినబడే గొంతు అందులోంచి ఊడిపడింది.

"బావా! పనసపొట్టు ఉడికిపోయింది. ఆవ ఇప్పుడే కలిపెయ్యనా?"

"ఒరే పోలరాజూ! పొయ్యి మీదుండగా కలిపావంటే..." అంటూ అబ్బులు మంచం మీంచి లేవబోయాడు.

చిద్విలాస్ ఫోను లాక్కుని ఆపేసి జేబులో వేసుకున్నాడు. "ఇక్కడ ప్రాణం పోతుంటే కూరేంటండీ మీకు!"

లేవబోయిన అబ్బులు అలాగే వెనక్కి వాలాడు.

"ప్రాణం పోతోందాండీ?" అన్నాడు అబ్బులు.

మంగతాయారు గుండెలు బాదుకుంది. మానిటర్ రెండువందల పది చూపించి టంగుటంగుమని మోగసాగింది. చిద్విలాస్ దానివంక చూసి, సిస్టర్ వంక చూసి, మొదటిసారి చిన్న గొంతుతో అన్నాడు.

"మేడంని పిలవండి."

ఖమరున్నీసా మేడం నడుచుకుంటూ వచ్చారు. మానిటర్ వంక చూడలేదు. మంచం పక్కన నిలబడి అబ్బులు భుజం మీద చెయ్యి వేశారు.

"నొప్పి ఎలా ఉందండీ?"

"చింపుతూనే ఉన్నాడమ్మా," అన్నాడు అబ్బులు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేడం సిస్టర్‌కి నొప్పి తగ్గే ఇంజెక్షన్ పేరు చెప్పారు. తర్వాత చెయ్యి చాపి, నడుస్తున్న డ్రిప్ ఆపేశారు.

"మేడం! అది బీపీ దించే మందు!"

"గుండె ఎంత కొడుతోంది?"

"నూట ఇరవై ఐదు."

"ముందు దాని పరుగు మాన్పించి నడిపించు. ఆ తర్వాత ఇది."

గుండె వేగాన్ని తగ్గించే మందు మొదలుపెట్టారు. ముందు గుండె, తర్వాత బీపీ. ఆ వరస పరీక్షలో తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకున్నవాడే చిద్విలాస్. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి చేసి తీరాలనిపించి అటూ ఇటూ రెండడుగులు వేశాడు. మేడం ఒక స్టూలు తెచ్చి మంచం పక్కన పెట్టారు.

"కూర్చో."

"నన్నేం చెయ్యమంటారు మేడం?"

"నాడి మీద వేలు పెట్టి ఉంచు. మాట్లాడకు."

ఇంత చదువూ చదివింది ఇందుకా అనిపించింది చిద్విలాస్‌కి. కూర్చున్నాడు.

మేడం మంగతాయారుని లోపలికి పిలిచి తలవైపు నిలబెట్టారు. "చెయ్యి పట్టుకోండమ్మా. ఏడుపొస్తే మాత్రం బయటికెళ్ళి ఏడ్చి రండి." ఆవిడ ముక్కు తుడుచుకుని బుద్ధిగా తలాడించింది. తర్వాత మేడం, సిస్టర్ కళ్ళతో చూపించిన చిద్విలాస్ జేబులోంచి అబ్బులు ఫోను తీసి ఆన్ చేశారు. చెయ్యగానే మోగింది.

"బావా..."

"బావగారు పడుకున్నారు. నాతో చెప్పండి."

"తమరెవరండీ?"

"ఇవాళ్టికి మీ బావగారి తరఫు మనిషిని." అవతలి మనిషి పేరూ, అడిగిందీ విని, మేడం వంగి అబ్బులు చెవి దగ్గర మెల్లగా అన్నారు. "ఆవ ఎప్పుడు కలపాలని అడుగుతున్నారండీ."

"ముందు కూర దించమనండమ్మా. బాగా చల్లారాక ఆవ. వేడి మీద కలిపాడంటే చేదెక్కిపోద్ది. మగపెళ్ళివారి ముందు నా పరువు పోద్ది."

"దించండి పోలరాజు గారూ." కాస్త ఆగి, "దించారటండీ."

"చల్లారిందేమో చెయ్యి పెట్టి చూడమనండి."

"చెయ్యి పెట్టి చూడండి." ఫోన్లోంచి కెవ్వుమన్న కేక. "కాలిందటండీ."

"చవట," అన్నాడు అబ్బులు ప్రేమగా. "అయితే ఆగమనండి."

"ఆగండి," అన్నారు మేడం ఫోన్లో.

ఇంక చెయ్యడానికేమీ లేదు. అక్కడ పోలరాజు కూర చల్లారడం కోసం, ఇక్కడ వీళ్ళు రక్తం పొంగు చల్లారడం కోసం కాచుక్కూర్చున్నారు. నొప్పి ఇంజెక్షన్ పని చేయసాగింది. అబ్బులు నొసటి ముడి సడలింది. చిద్విలాస్ వేలి కింద నాడి మొదట దౌడు మానింది. తర్వాత పరుగు మానింది. మెల్లమెల్లగా, ఊరి చివరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన మనిషిలా నడక పట్టింది.

అరవై.

చిద్విలాస్ తలెత్తి మేడం వంక చూశాడు. ఆవిడ సిస్టర్ వంక చూశారు. ఇందాక ఆపిన డ్రిప్ మళ్ళీ మొదలైంది, ఈసారి బొట్టుబొట్టుగా.

నూట అరవై. నూట నలభై.

"ఆవ కలిపేశారటండీ," అన్నారు మేడం.

"ఉప్పు చూడమనండమ్మా."

"సరిపోయిందటండీ. పెళ్ళికూతురి మేనమామ వచ్చి రుచి చూసి వెళ్ళారట. మళ్ళీ వచ్చారట."

అబ్బులు కళ్ళు మూసుకుని పొడుగాటి ఊపిరి వదిలాడు.

నూట పన్నెండు.

"నూట..." అని చిద్విలాస్ కేక వెయ్యబోయి, మేడం చూపు తగిలి, మిగతాది మింగేశాడు.

సర్జన్లు వచ్చారు. మంచం కదిలింది. తలుపు దాకా వెళ్ళాక అబ్బులు తల తిప్పి, "అమ్మా, పెరుగువడలు ఇంకా నానెయ్యలేదు," అన్నాడు.

"నేను చెప్తాను. మీరు నిశ్చింతగా వెళ్ళండి."

ఆపరేషన్ పొద్దు వాలేదాకా సాగింది. అబ్బులు బతికాడు. మళ్ళీ గాడిపొయ్యి దగ్గరికి వెళ్ళడానికి చాలాకాలం పట్టింది. బీపీ మాత్రలు మానొద్దన్నారు, కోపం తెచ్చుకోవద్దన్నారు. అప్పట్నుంచి పోలరాజుని గొంతు పెంచకుండా తిట్టడం అలవాటు చేసుకున్నాడు. ఇదివరకటి అరుపులే నయమని పోలరాజు ఇప్పటికీ అంటాడు.

అదంతా తర్వాతి సంగతి. ఆ పూట థియేటర్ తలుపులు మూసుకున్నాక, గురుశిష్యులిద్దరూ వరండాలో మిగిలారు. మంగతాయారు కొంచెం దూరంలో బెంచీ మీద కూర్చుని వీళ్ళ మొహాలే చూస్తోంది.

చిద్విలాస్ గొంతు తగ్గించి అడిగాడు.

"మేడం, మీకు అసలు కంగారన్నదే రాదా?"

ఆవిడ చెయ్యి చాపారు.

అతనికి మొదట అర్థం కాలేదు. తర్వాత మణికట్టు మీద వేలు పెట్టి, అలవాటు కొద్దీ గోడ గడియారం వంక చూసి లెక్కపెట్టసాగాడు. నాడి తరుముకొస్తున్నట్టు కొడుతోంది. లెక్క మధ్యలోనే తప్పిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తప్పింది. గడియారం మీంచి చూపు తిప్పి ఆవిడ మొహం చూశాడు. ప్రశాంతంగా ఉంది.

మేడం చెయ్యి వెనక్కి తీసుకుని, బెంచీ వైపు చిన్నగా తలాడించి నవ్వారు.

"ఆవిడకి చెప్పకు," అన్నారు.