ఖాళీ అన్న మాట

మార్తమ్మ టీచర్ సోమవారం కంటి ఆపరేషన్‌కి గుంటూరు వెళ్తోంది. నెల రోజుల దాకా రాదు. ఆ నెలంతా చీరాల పొగాకు గోడౌన్లో ఆమె నడిపే షూటింగ్ రేంజ్ తెరిచి ఉండాలంటే, తుపాకుల బీరువా తాళంచెవి ఎవరికో ఒకరికి ఇవ్వాలి. ఇవ్వకపోతే రేంజ్ మూతపడుతుంది. పద్దెనిమిది మంది ఆడపిల్లలు ఇళ్లకు పోతారు. వాళ్లని ఇంకోసారి గడప దాటించడానికి ఎంతమంది తండ్రుల కాళ్లావేళ్లా పడాలో హైమకు తెలుసు.

శుక్రవారం సాయంత్రమైనా టీచర్ తాళంచెవి మాట ఎత్తలేదు.

హైమ నాలుగేళ్లుగా ఆమె శిష్యురాలు. రోజూ ఆట ముగిశాక గాలి ఒత్తిడితో పేలే పన్నెండు ఎయిర్ రైఫిళ్లూ సర్దేది తనే. లీవరు తెరిచి, గుండు లేదని చూసి, వెనకనుంచి ఒక ఎర్ర ప్లాస్టిక్ తీగ గొట్టంలోకి దూర్చేది. తీగ కొస మూతి దగ్గర బయటికొస్తే లోపల ఏమీ లేనట్టు. అప్పుడు "ఖాళీ" అని టీచర్‌కి అందించేది. టీచర్ మళ్లీ తీగ లాగి, లీవరు తెరిచి, లోపలికి చూసి, తీగ దూర్చి అప్పుడు బీరువాలో పెట్టేది. పన్నెండుకి పన్నెండూ అంతే. నాలుగేళ్లుగా అంతే.

ఆ రోజు హైమ ఆగలేకపోయింది.

"ఖాళీ అన్నాను కదా టీచర్."

"అన్నావు," అని మార్తమ్మ లీవరు తెరిచి చూసింది.

"నామీద ఆ మాత్రం నమ్మకం లేదా మీకు?"

మార్తమ్మ గుళ్ల డబ్బాలు తీసుకెళ్లి రెండో బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్లిపోయింది.

హైమ అంత తేలిగ్గా ఎవర్నీ నమ్మే మనిషి కాదు. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు డిగ్రీ సర్టిఫికెట్ చూపించమంది. వాళ్లు కాఫీ గ్లాసులు కింద పెట్టి లేచిపోయారు. బంధువులు ఏడాది పాటు చెవులు కొరుక్కున్నారు. ఇన్నాళ్లకు అనుమానించక్కర్లేని మనిషి ఒకరు దొరికారని, మార్తమ్మ దగ్గర ఆమె ప్రాణం తెరిపిన పడింది. ఆ మనిషే తనని నమ్మకపోవడం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

ఆదివారం పిల్లలు వెళ్లిపోయాక మార్తమ్మ తన సొంత రైఫిల్ పెట్టె తెరిచింది. ముప్ఫై ఏళ్ల కిందట పోటీలకు పట్టుకెళ్లిన తుపాకీ. "ఆడపిల్లల చేతికి గరిటె చాలదా" అన్న అప్పటి తన స్కూలు హెడ్మాస్టరుకు ఆమె చెప్పిన జవాబు ఆ తుపాకీయే. ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

తుపాకీ మూతిని గోడవైపు పెట్టి హైమకు చాచింది. "ఇక నీదే. లోపల పెట్టు."

హైమ రెండు చేతులా అందుకుంది. గొట్టాన్ని కళ్లకద్దుకుంది. నెమ్మదిగా తీసుకెళ్లి బీరువాలో పన్నెండింటి పక్కన నిలబెట్టింది.

"తియ్యి," అంది మార్తమ్మ.

తీసింది.

"లీవరు తెరువు."

తెరిచింది. లోపల సీసపు గుండు, నల్లగా, బుద్ధిగా కూచుని ఉంది.

అప్పుడు చూసింది, మూతి దగ్గర ఎర్ర తీగ లేదని.

"దాన్లో గాలి పొద్దునే తీసేశాన్లే. అది పేలదు," అంది మార్తమ్మ.

హైమ చెయ్యి నుదుటి మీదికి పోయింది, ఇందాక గొట్టం తగిలిన చోటికి.

"మీరు మీ చేత్తో ఇచ్చారు కదా టీచర్. మీ ఎదుటే తెరిచి చూస్తే మిమ్మల్ని అనుమానించినట్టుండదా?"

"ఉంటుంది."

"మరి?"

"ఉండనీ. కళ్లకద్దుకోడానికి నీకు గుడి ఉంది, నాకు చర్చి ఉంది. ఇక్కడ తెరిచి చూడ్డమే."

మార్తమ్మ గుండు తీసేసింది. బీరువాలోంచి ఇంకో రైఫిల్ తీసి హైమకు చాచింది. "ఖాళీ," అంది.

మూతి దగ్గర ఎర్ర తీగ కనిపిస్తూనే ఉంది. హైమకు సిగ్గేసింది. నాలుగేళ్లు చెయ్యి పట్టుకుని నేర్పిన మనిషి మొహం మీదే ఆమె మాట నిజమో కాదో చూడాలి. తీగ లాగింది, తెరిచింది, చూసింది. నిజంగానే ఖాళీ. రెండోదీ అంతే, మూడోదీ అంతే. సిగ్గు మాత్రం తగ్గలేదు. పన్నెండోదాన్ని కూడా అదే సిగ్గుతో తెరిచి, వంగి, లోపలికి చూసింది.

ఆమె తలెత్తేసరికి బల్ల మీద తాళంచెవి ఉంది. మార్తమ్మ బయట రిక్షా అతనితో మర్నాడు పొద్దున రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్లడానికి బేరమాడుతోంది.

సోమవారం సాయంత్రం పిల్లలు వచ్చారు. వరసలో మొదటిది సలీమా. పదిహేనేళ్లుంటాయి, రేంజ్‌కి వచ్చి రెండు నెలలు. హైమ బీరువాలోంచి రైఫిల్ తీసి, తెరిచి చూసి, ఆ పిల్ల చేతికందించింది.

"ఖాళీ."

"సరే అక్కా," అని సలీమా అందుకుని లాక్కోబోయింది. తుపాకీ రాలేదు. రెండో కొస హైమ చేతిలోనే ఉంది.

"ఏంటక్కా? మీరిప్పుడే చూశారుగా?"

"చూశాను."

వెనకాల పిల్లలు నవ్వారు. సలీమా ఓసారి వాళ్లని చూసింది, ఓసారి హైమని చూసింది. హైమ పట్టు వదల్లేదు.

ఆ పిల్ల తటపటాయిస్తూ లీవరు మీద చెయ్యి వేసింది.