పేరిందేవి కుట్టిన గరగరల బొంత

రండర్రా, రండి. కాళ్ళు తుడుచుకుని ఎక్కండి మంచం. ఒసే నాగీ, దుప్పటంతా నువ్వే చుట్టేసుకుంటే వాడికేం మిగిలిందే? ఆఁ, అలాగ. నేను చెబుతూ ఉంటే మీరు ఊ అంటూ ఉండాలి. ఊ ఆగిందా, నా నోరూ ఆగిపోతుంది, తెలిసిందా?

అనగా అనగా ఒక ఊరు. ఏ ఊరని మాత్రం అడక్కండి. మా అమ్మమ్మ చెప్పినప్పుడే ఒకసారి ఏటికి ఇవతల అంది, ఇంకోసారి అవతల అంది. ఎటైతేనేం, ఊరంటూ ఉంది. ఆ ఊళ్ళో పేరిందేవి అని ఒకావిడ. ఆవిడ మొగుడు భద్రయ్య. వాళ్ళకి ఒక్కడే కొడుకు, చెంచయ్య అని.

పేరిందేవి బొంతలు కుట్టేది. కింద ఒక పాత చీర పరిచి, మధ్యలో చిరుగు పంచెలూ పీలికలూ గుడ్డముక్కలూ సర్ది, పైన ఇంకో చీర కప్పి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా టకటకా కుట్టుకుంటూ పోయేది. మరి భద్రయ్యో, పాటలు కట్టేవాడు. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటాడో లేదో, కలం పట్టుకునేవాడు. కాగితాలు ఎక్కడివి అప్పుడు? శెట్టి కొట్లో చింతపండు కట్టిచ్చిన పొట్లం విప్పి, అరచేత్తో సాపు చేసి, దానిమీదే రాసేవాడు. రాసింది కొట్టేసేవాడు, కొట్టేసినదాని మీద మళ్ళీ రాసేవాడు, తోచకపోతే ఉండ చుట్టి పడేసేవాడు, మళ్ళీ వెతుక్కుని తెచ్చుకుని విప్పేవాడు.

ఇక ఆ ఇల్లు ఎలా ఉండేదనుకున్నారు? సూది చూరులో, దారం దూలం మీద, కత్తెర కాగులో, కాగితం కవ్వం పక్కన! నవ్వకండి, మీ పుస్తకాల సంచి మాత్రం ఏం తక్కువ? అయినా పేరిందేవికి కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే సూది దొరికేది. ఏది ఎక్కడుందో అంతా ఆవిడ బుర్రలో ఉంది. ఇల్లు చిందరవందర గానీ బుర్ర మాత్రం అద్దంలా ఉండేది.

ఊ అంటున్నారా? ఆఁ.

చెంచయ్యకి పెళ్ళయింది. కోడలు కాపరానికి వచ్చింది. పేరు తాయారు. బంగారం లాంటి పిల్ల. వచ్చేముందు వాళ్ళమ్మ గడ్డం పట్టుకుని, అమ్మా తాయారూ, అత్తారింట్లో పనికి ముందుండు, మాటకి వెనకుండు అని చెప్పి పంపిందిట. ఆ పిల్ల దాన్ని అలాగే పట్టుకుంది. పొద్దున్నే లేచేది, చీపురు పట్టేది, ఇల్లంతా ఊడ్చేది, చూరులో సూది పెట్టెలో పెట్టేది, దూలం మీద దారం తట్టలో పెట్టేది, కాగులో కత్తెర మేకుకి తగిలించేది. పెట్టాను అని ఒక్కమాట చెప్పేది కాదు. మాటకి వెనకుండాలి కదా మరి!

పేరిందేవి చూరులోకి చెయ్యి పెట్టింది. సూది లేదు. ఇటు తడిమింది, అటు తడిమింది. లేదు. సాయంత్రానికి చూస్తే పెట్టెలో ఉంది. ఇదేమిటి, నేనెప్పుడు పెట్టాను ఇక్కడ అనుకుంది. తీసుకెళ్ళి మళ్ళీ చూరులో గుచ్చింది. తెల్లారి చూస్తే మళ్ళీ పెట్టెలో! దారం చూస్తే తట్టలో! కత్తెర చూస్తే గోడకి వేలాడుతోంది!

ఆవిడకి గుండె గుభేలుమంది. ఎందుకో తెలుసా? వాళ్ళమ్మకి పెద్దతనంలో మతి పోయింది. పొయ్యి మీద కుండ పెట్టి పొయ్యి అంటించడం మర్చిపోయేది. ఆఖరికి ఒకరోజు కన్నకూతుర్నే, ఈ పేరిందేవినే చూసి, ఎవరమ్మా నువ్వు, ఏ ఊరమ్మా మీది అని అడిగింది. నాకూ మా అమ్మ లాగే అవుతోంది కాబోలు అనుకుంది పేరిందేవి. అనుకుని ఎవరికి చెప్పింది? ఎవరికీ చెప్పలేదు. భయం. చెబితే నిజమైపోతుందేమోనని భయం. కత్తెర ఏదే అని భద్రయ్య అడిగితే, పక్కింటివాళ్ళకి ఇచ్చానని చెప్పేది. ఉప్పుకుండ ఏదే అంటే, కడిగి ఎండబెట్టానని చెప్పేది.

మరి కోడలు ఏమనుకుంది? పాపం, తను సర్దినవన్నీ మర్నాటికి మళ్ళీ చూరులోకీ దూలం మీదకీ పోతున్నాయి. అత్తగారు పన్నెత్తి ఒక్కమాట అనరు. అంటే నా పని నచ్చలేదన్నమాట, నోటితో చెప్పకుండా చేత్తో చెబుతున్నారన్నమాట అనుకుంది. అనుకుని ఇంకా పొద్దున్నే లేచి ఇంకా గట్టిగా సర్దేది. ఈవిడ ఇంకా గట్టిగా భయపడేది. చెంచయ్యకి అన్నం పెట్టేవేళ అత్తాకోడళ్ళిద్దరి కళ్ళూ ఎర్రగా ఉండేవి. ఉల్లిపాయలు తరిగారా అని అడిగేవాడు వాడు. పిచ్చి వెధవ.

అలా ఉండగా ఆ దేశపు రాజుగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఏమిట్రా? రాజు పేరా? రాజుకి పేరెందుకురా, రాజే కదా! పడుకో. రాజుగారు రాణిగారితో కలిసి ఉగాదికి ఈ ఊరు వస్తున్నారు, భద్రయ్య కట్టిన పార్వతీ కల్యాణం పాట వింటారు అని కబురు. ఊరంతా ఎగిరి గంతేసింది. భద్రయ్య ఎగిరి గంతేసి, పాట వెతుక్కుంటే ఏముంది? పొట్లం కాగితాలు ఒక్కటీ లేవు! కవ్వం పక్కన లేవు, చాప కింద లేవు, ఎక్కడా లేవు.

ఎక్కడికి పోయాయో మీకు చెప్పేస్తాను, వాళ్ళకి చెప్పకండేం. తాయారుకి చదువు రాదు. చింతపండు మరకలూ కొట్టివేతలూ ఉన్న ఉండల్ని చూసి చెత్తే అనుకుంది. అయినా కాగితం అంటే సరస్వతి కదా, పొయ్యిలో పెట్టడానికి మనసొప్పలేదు. ఒక్కొక్కటీ విప్పి, సాపు చేసి, అత్తగారి గుడ్డపీలికల బుట్టలో అడుక్కి పెట్టింది. అక్కడైతే ఎవరి కాళ్ళకీ తగలవని. పేరిందేవి ఏమో, నా చేతులకైనా పని గుర్తుందో లేదో చూసుకుందామని కొత్త బొంత మొదలుపెట్టింది. కళ్ళనిండా నీళ్ళు, ముందు ఏముందో కనపడదు. బుట్టలోవి పిడికెడు పిడికెడు తీసి పరిచేసి, చీర కప్పేసి, కుట్టేసింది!

భద్రయ్య వచ్చి పెళ్ళాన్ని అడిగాడు, ఏమేవ్, కల్యాణం ఎక్కడ పెట్టావు అని. ఆవిడకేం తెలుసు! తనే ఎక్కడో పెట్టి మర్చిపోయిందనుకుంది. భద్రంగా దాచాను, రాజుగారు వచ్చేవేళకి తీస్తాను, ఈలోగా ఎవరితోనూ అనకండి అంది. ఈ మాటలు వంటింట్లోంచి తాయారు విన్నది. రాజుగారు పాట వినడానికి వస్తున్నారని తెలుసు గానీ, ఆ పాట పేరే కల్యాణమని ఆ పిల్లకేం తెలుసు? కల్యాణమా, ఎవరి కల్యాణం, రాజుగారు వచ్చేదాకా దాచడమేమిటి అనుకుంది. ఇంట్లో పెళ్ళి కావలసిన వాళ్ళెవరూ లేరు. ఉన్నవాడు చెంచయ్య ఒక్కడే! ఇంకేముంది, నేను నచ్చలేదు, ఆయనకి మారు పెళ్ళి చేస్తున్నారు అని కూలబడిపోయింది. చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. దాంతో చెంచయ్యకి మళ్ళీ అయోమయం.

మధ్యాహ్నం భద్రయ్య దిగులుగా కొత్త బొంత మీద వాలాడు. ఇటు తిరిగితే గరగర. అటు తిరిగితే గరగర. ఎలక దూరిందని చెంచయ్య కర్ర తెచ్చి బాదాడు. బాదితే ఇంకా గరగర. భద్రయ్య చెవి ఆనించి విన్నాడు. తెల్లమొహం వేశాడు. ఒరే చెంచయ్యా, ఈ బొంత ఏదో గొణుగుతోందిరా, నా పాటలాగే ఉందిరా అన్నాడు. దాంతో చెంచయ్యకి, అయ్యో, మా నాన్నకి కూడా ఏదో అయిందని గుబులు పట్టుకుంది. ఇంట్లో నలుగురు మనుషులు, నలుగురికీ నాలుగు భయాలు, ఒక్కరికీ నోరు లేదు!

నాగీ, ఊ ఏదే? ఆఁ, అదీ.

రేపు రాజుగారు వస్తారనగా ఇవాళ, పేరిందేవి తాయారుని పెరట్లోకి పిలిచింది. మొలలో తాళంచెవుల గుత్తి తీసింది. కోడలి చేతిలో పెట్టింది.

"ఇదిగో అమ్మా. ఇక నువ్వే చూసుకో ఇల్లు."

తాయారు బిక్కచచ్చిపోయింది. "నన్ను పంపించేస్తారనుకున్నాను, తాళాలిస్తున్నారేమిటి అత్తయ్యా?"

"పంపడమేమిటి? నేనే పోతున్నానే పిల్లా. నాకు మతి పోయింది. పెట్టింది పెట్టినచోట కనపడదు. సూది చూరులో పెడతాను, పెట్టెలో తేలుతుంది. ఏదో ఒకరోజు నిన్నే పట్టుకుని ఎవరమ్మా నువ్వంటాను. ఆరోజు నన్ను కసురుకోకేం? నీ అత్తనని మెల్లిగా చెప్పు."

తాయారుకి ఒక్కసారి ఏడుపు తన్నుకొచ్చింది. "అత్తయ్యా, సూది పెట్టెలో పెట్టింది నేను."

"నువ్వా?"

"నేనే."

"మరి దారం?"

"నేనే."

"కత్తెర మేకుకి?"

"నేనే అత్తయ్యా."

"ఉప్పుకుండ గూట్లో?"

"అదీ నేనే. నన్ను తిట్టండి, కొట్టండి."

తిట్టిందా పేరిందేవి? కొట్టిందా? కోడల్ని రెండు చేతులా కావలించుకుని, నాకు మతి పోలేదే, నాకు మతి పోలేదే అని పెరడంతా గిరగిరా తిప్పింది! ఆ కేకలకి పక్కింటివాళ్ళు గోడెక్కి చూసి, పాపం పేరిందేవికి మతి పోయింది అనుకున్నారు.

తిప్పి తిప్పి ఆగింది. "అయితే మీ మామయ్య కల్యాణం కూడా నువ్వే దాచావా?"

"ఎవరి కల్యాణం అత్తయ్యా? ఆయన మారు పెళ్ళే కదా?"

"మారు పెళ్ళేమిటే నీ మొహం! పార్వతీ కల్యాణం. పాట. పొట్లం కాగితాల మీద రాసుకున్నారు."

తాయారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో, అవి పీలికల బుట్టలో పెట్టాను!"

పేరిందేవి గుమ్మం వైపు చూసింది. లోపల భద్రయ్య బొంత మీద అటూ ఇటూ పొర్లుతున్నాడు. గరగర, గరగర.

ఒక్క ఉదుటున వెళ్ళి ఆయన్ని లేపేసి బొంత లాక్కున్నారు. కుట్టు తెంపబోతే లోపల కాగితం చిరుగుతోంది. ఆవిడ కుట్టు అంత గట్టిది మరి! పేరిందేవి తీరుబడిగా కూచుని, చేత్తో తడుముతూ, గరగరమన్న చోటల్లా పైచీర కత్తిరించింది. కాగితం మాత్రం కదలనివ్వలేదు. బొంత నిండా కిటికీలు తెరిచినట్టయింది. కిటికీ కిటికీకీ ఒక్కో పద్యం, ఒక్కో దరువు. ఒక్కటీ పోలేదు. కాకపోతే ఏ వరసలోనూ లేవు! ఏది ముందో ఏది వెనకో భద్రయ్యకే తెలియలేదు. ఇన్నిసార్లు కొట్టేసి రాసినవాడికి ఏం తెలుస్తుంది?

తెల్లారింది. రాజుగారు వచ్చారు, రాణిగారు వచ్చారు, ఊరంతా వచ్చి కూచుంది. బొంతకి ఒక కొస అత్తగారు పట్టుకుంది, ఒక కొస కోడలు పట్టుకుంది. భద్రయ్య ఈ మూల నుంచి ఆ మూలకి వంగుతూ లేస్తూ పాడాడు. ముందు మూల శివుడికీ పార్వతికీ పెళ్ళి అయిపోయింది. నడిమధ్యకి వచ్చేసరికి పార్వతి ఆకులు కూడా మానేసి తపస్సు చేస్తోంది. ఇంకా కిందకి పోతే హిమవంతుడి ఇంట్లో ఉయ్యాల! జనం మొహాలు చూసుకుంటున్నారు.

రాజుగారు చెయ్యెత్తారు. "ఆగవయ్యా భద్రయ్యా. పెళ్ళయిపోయాక తపస్సేమిటి?"

భద్రయ్య బొంత మీద ఇంకో కిటికీ కోసం వెతుక్కుంటున్నాడు. పేరిందేవి నేల చూపులు చూస్తోంది. అప్పుడు, చూడండి, ఇన్నాళ్ళూ ఎవరి ముందూ నోరు విప్పని తాయారు, బొంత కొస వదలకుండానే అంది కదా:

"ఏలినవారికి తెలియనిదేముందండీ. ఆడపిల్లకి తపస్సు మొదలయ్యేది పెళ్ళయ్యాకే కదండీ."

ముందు రాణిగారు నవ్వారు. పక్కుమని, కొంగు అడ్డం పెట్టుకుని. ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళంతా నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో మగవాళ్ళకి కాస్త ఆలస్యంగా తెలిసింది. రాజుగారు మీసం కింద నవ్వు దాచుకుని, సరే అమ్మాయ్, మరి పుట్టడం ఆఖర్న ఏమిటి అని అడిగారు.

తాయారు అత్తగారి వైపు చూసింది. "ఆ తపస్సు ఫలిస్తే అత్తారింట్లో మళ్ళీ పుట్టినట్టేనండి," అంది.

పేరిందేవి కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. అలాగే కార్చుకుంటూ నిలబడింది. భద్రయ్య ఆ ఉయ్యాల పాట అందుకుని ఎలా పాడాడంటారూ, ఊళ్ళో చంటిపిల్లలంతా ఒళ్ళోనే నిద్రపోయారుట. రాజుగారు మెచ్చుకున్నారు. రాణిగారు, ఆ కిటికీల మీద కప్పుకోమని తన పట్టుచీరే ఒకటి పంపించారు. పాట వరస మార్చి రాస్తావా అంటే భద్రయ్య ఒప్పుకోలేదు. మా కోడలు అర్థం చెప్పాక ఇదే వరస అన్నాడు.

ఆ మర్నాటి నుంచీ ఆ ఇంట్లో ఒకటే అరుపులు. అత్తయ్యా, జల్లెడ తీస్తున్నానూ! తియ్యవే, మళ్ళీ ఎక్కడ పెడుతున్నావో చెప్పవే! గూట్లో పెడుతున్నానూ! వద్దే, నాకు అందదే! పొద్దున్న లేస్తే ఇదే గోల. వీధినపోయేవాళ్ళు, అయ్యో, అత్తాకోడళ్ళకి పడటం లేదు కాబోలు అనుకునేవారు. చెంచయ్య మాత్రం అరుగు మీద కూచుని, ఆ గోల వింటూ, కడుపునిండా అన్నం తినేవాడు.

అందుకనే చెబుతున్నాను, ఎదటివాళ్ళకి మంచి చేస్తున్నా సరే, చేస్తున్నానని ఒక్కమాట చెప్పి చెయ్యండి. భయమేసినా సరే, భయమేస్తోందని ఒక్కమాట చెప్పండి. మనసులో పెట్టుకుని కూచుంటే ఇంకోళ్ళకి ఎలా తెలుస్తుందర్రా?

సరే, ఇంక కథ కంచి బండెక్కేసింది. మనం మన ఇంట్లోనే ఉన్నాం, కళ్ళు మూసుకోండి.