దుత్త కడుపులోని రాయి

ఊ కొట్టేవాళ్లు ముందుకు జరగండి. కొట్టనివాళ్లు వెనక్కి పోయి కునుకు తియ్యండి, నాకు అడ్డం రావద్దు. అనగనగా ఒక ఊరు. ఎన్నాళ్ల కిందట అని అడక్కండి. పిండి మరలు లేని కాలం. ఇంటికొక రోలు ఉన్న కాలం. రోలు నున్నబడితే ఇంటిల్లిపాదీ గంజి తాగి పడుకున్న కాలం. ఆ కాలంలో గుండ్లమిట్ట అని ఒక ఊరు.

రోలు నున్నబడితే జొన్న నలగదు, జారిపోతుంది. ఉలి పెట్టి, సుత్తితో కొట్టి, మళ్లీ గంట్లు పెట్టాలి. ఆ పని చేసే గుంపొకటి మూడేళ్లకోసారి ఎండాకాలం ముందర వచ్చేది. ఊరి బయట మూడు రోజులు ఉండేది. నాలుగో పొద్దుకు పొయ్యిరాళ్లు పక్కకు తన్ని వెళ్లిపోయేది. ఆ గుంపులో ఒక ఆడమనిషి ఉండేది. పేరు సుంకులి.

సుంకులికి ఇల్లు లేదు. పొలం లేదు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఆమెకున్నవి మూడే. ఒక ఉలి, ఒక సుత్తి, ఒకచోట నిలవని కాళ్లు. కూర్చుని తిన్నది ఎవరూ చూడలేదు. ముద్ద చేతిలో పెట్టుకుని తిరుగుతూ తినేది. నాలుగో రోజు కూడా అదే చోట తెల్లవారితే అరికాళ్లలో చీమలు పాకుతున్నాయనేది.

ఆమెకొక విద్య ఉంది. రాయి చేతికొస్తే ముందు వేలిగోటితో తట్టేది. చెవి ఆనించి వినేది. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల బీట ఉన్నది దబ్బుమంటుంది. తట్టడం, వినడం, ఆ తర్వాతే ఉలి. మనలో చాలామందికి ఉలి ఒక్కటే వచ్చు.

ఆ ఊళ్లో పెద్దింటి కోడలు ఓబుళమ్మ. ఆ ఇంటి పెరట్లో ఒక తాబేలు. బోర్లించిన దుత్తలాగా ఉంటుందని దాని పేరు దుత్త. ఓబుళమ్మ అత్త పిల్లప్పుడు కొండవారన దొరికితే తెచ్చి పెంచుకుంది. పెంచిన మనిషి ముసలిదై పోయింది, తాబేలు మాత్రం ఉంది. తాబేలు ఉన్న ఇల్లు నిలవదని ఓబుళమ్మకు భయం. అత్త ఉన్నన్నాళ్లు నోరెత్తలేదు. అత్త పోతూ పోతూ దుత్తను చంపుకోవద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ ఒట్టు ఓబుళమ్మ గొంతులో ముల్లులాగా ఉండిపోయింది.

ఆ ఏడు సుంకులి పెద్దింటి రోలు ముందు కూర్చుంది. గుంపు వచ్చినప్పుడల్లా ఉలి చప్పుడు వినగానే దుత్త పెరడు దాటి వచ్చి పక్కన నిలబడేది. ఈసారి సగం దూరం వచ్చి ఆగిపోయింది. వెనక కాళ్లు ఈడుస్తోంది. సుంకులి లేచి దాన్ని ఎత్తి, కింది డిప్పను గోటితో తట్టింది. చెవి ఆనించింది. మళ్లీ తట్టింది.

"దీని కడుపులో రాయుందమ్మా," అంది.

ఓబుళమ్మ నవ్వింది. నీ కళ్లకు లోకమంతా రాయేనా అంది. సుంకులి నవ్వలేదు. తియ్యకపోతే పున్నమికల్లా చచ్చిపోతుందని చెప్పింది. ఓబుళమ్మకు ఒట్టు గుర్తొచ్చింది. తీస్తే తియ్యి, కానీ కడుపు కోసిన తాబేలు మళ్లీ నా గడప తొక్కకూడదు అంది. తియ్యమన్నదీ ఆమే, గెంటేసిందీ ఆమే. పెద్దిళ్ల దయకు ఒక గడప ఎప్పుడూ అడ్డం ఉంటుంది.

సుంకులి ఉలిని మూడుసార్లు సలసల కాగే నీళ్లలో ముంచింది. దుత్తకు మత్తాకు పసరు పట్టించింది. కింది డిప్ప మీద తమలపాకంత మేర నాలుగు గీతలు గీసింది. కొట్టలేదు, గీసింది, గీసిన చోటే మళ్లీ గీసింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆ ముక్క మూతలాగా పైకి వచ్చింది. లోపలి నుంచి నిమ్మకాయంత రాయి తీసింది. లోపలి తోలును గుర్రపు వెంట్రుకతో కుట్టింది. మూత మళ్లీ పెట్టి, అంచుల్లో తేనెమైనం, లక్క కరిగించి పూసింది. ఆ రాయిని కడిగి తన ఒడిసంచిలో వేసుకుంది.

డిప్ప అతుక్కోవాలంటే ఏడాది పట్టొచ్చు. అన్నాళ్లూ తడి తగలకూడదు. రోజూ పొడి గడ్డి మార్చాలి. పొద్దున ఎండలో పెట్టాలి, ఎండ ముదిరితే నీడకు చేర్చాలి. అంటే దుత్తకొక ఇల్లు కావాలి. సుంకులి దాన్ని చంకనెత్తుకుని ఊళ్లోకి బయల్దేరింది.

మొదట కుమ్మరి ఇంటికి పోయింది. అయ్యో పాపం అన్నాడు కుమ్మరి, మన్ను నానబెట్టే గుంటలో వేస్తానన్నాడు. తర్వాత చాకలి ఇంటికి పోయింది. అయ్యో పాపం అంది చాకలామె, పెద్ద బానలో వేస్తానంది. తర్వాత పంతులుగారి ఇంటికి పోయింది. అయ్యో పాపం అన్నాడాయన, మా బావి ఉండగా దానికేం లోటు అన్నాడు.

మూడు ఇళ్లలోనూ సుంకులి దుత్త కాళ్లు పట్టి చూపించింది. ఇవి ఏనుగు కాళ్లు, వేళ్ల మధ్య తోలు లేదు, ఇది మెట్ట తాబేలు, దీనికి ఈత రాదు, నీళ్లలో వేస్తే రాయిలాగా మునుగుతుందని చెప్పింది. మూడు ఇళ్లలోనూ ఆమెను ఎగాదిగా చూశారు. తాబేలుకు నీళ్లు వద్దనే మనిషిని ఇప్పుడే చూస్తున్నామన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మంచివాళ్లే దాన్ని ముంచి చంపేవాళ్లు. జాలి ఉంటే చాలు, తెలియనక్కర్లేదు అనుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

తిరిగొచ్చేసరికి ఓబుళమ్మ కూడా అదే మాట అంది. బావిలో వదిలెయ్యి, అది చంపినట్టు కాదు కదా అంది.

"చంపినట్టే," అంది సుంకులి. "చూడకుండా చంపినట్టు."

నాలుగో పొద్దు పొడిచింది. గుంపు పొయ్యిరాళ్లు తన్నేసింది. సుంకులి మాత్రం ఊరి చివర పాడుబడిన గానుగ కొట్టంలో గడ్డి పరిచి, దుత్తను పడుకోబెట్టి, గుమ్మంలో నిలబడింది.

గుంపుకు పెద్ద ఆమె అన్న గంగులు. చుట్టుపక్కల ఊళ్లన్నీ ముగించుకుని గుంపు ఏరు దాటుతుంది. దాటితే మళ్లీ మూడేళ్లకు గాని ఈ గట్టుకు రాదు. దుత్తను మోసుకుపోదామంటే రోజూ నడక కుదుపుకు అతుకు విడిపోతుంది. కూర్చుంటే మనుషులు పోతారు. లేస్తే దుత్త పోతుంది. అదీ సుంకులికి వచ్చిన చిక్కు.

గంగులు మూడుసార్లు వచ్చి పిలిచాడు.

మొదటిసారి నవ్వుతూ వచ్చాడు. సుంకులి డిప్ప మీద గోటితో తట్టింది. విన్నది. దబ్బుమంది. "ఇంకా పలకలేదన్నా," అంది.

రెండోసారి అమావాస్య పోయాక వచ్చాడు, నవ్వలేదు. తట్టింది. విన్నది. "ఇంకా పలకలేదన్నా," అంది.

మూడోసారి ఏరు దాటే ముందు రోజు వచ్చాడు. ఆమె సద్దిమూట గుమ్మంలో పడేశాడు.

"ఏమ్మే, నువ్వు నాకు చెల్లెలివా, ఆ తాబేలుకా?"

సుంకులి డిప్ప మీద తట్టింది. విన్నది. అతను ఆ దబ్బుమన్న చప్పుడు విన్నాడు. రాతి పని చేసేవాడు కాబట్టి దాని అర్థం కూడా తెలుసు. అయినా వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత సుంకులి ఎలా ఉందో చెప్పమంటారా. ఉండలేకపోయింది. ఉంది. పొద్దున్నే దుత్తను ఎండలో పెట్టి కొట్టం చుట్టూ తిరిగేది. నీడకు చేర్చి మళ్లీ తిరిగేది. గుమ్మడిపూలు, లేత ఆకులు తడిపి నోటి దగ్గర పెట్టి మళ్లీ తిరిగేది. తిరిగి తిరిగి కొట్టం చుట్టూ గుండ్రంగా బాట పడింది. దుత్త కూడా తక్కువది కాదు. కాళ్లలోకి బలం రాగానే గుమ్మం వైపు నడక మొదలుపెట్టింది. పుండు నేలకు రాసుకుంటుందని ఈమె ఎత్తి గడ్డిలో పెట్టేది. అది మళ్లీ బయల్దేరేది. నిలవలేని ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని నిలబెట్టుకున్నారు.

రోజూ తట్టేది. వినేది. "ఇంకా," అనేది.

ఓబుళమ్మ తమ గానుగ చూసుకునే నెపంతో అటు వచ్చేది. ఆ గానుగ ఆడక పదేళ్లయింది. ఒకరోజు సుంకులి ఒక మోపు పొడి గడ్డి అడిగింది. మా ఆవులకే చాలడం లేదంది ఓబుళమ్మ. మర్నాడు గుమ్మం ముందు మోపు పడి ఉంది. ఎవరు వేశారని ఈమె అడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పటినుంచి గడ్డికి లోటు లేదు.

ఆ ఏడు వాన ముందుగా వచ్చింది. వచ్చింది వచ్చినట్టు ఆగలేదు. కొట్టం కప్పు జల్లెడలాగా కారింది. సుంకులి దుత్తను గొంగడిలో చుట్టి, పెద్దింటికి పరుగెత్తి, అరుగు కింద నిలబడింది.

"అమ్మా, వాన తగ్గేదాకా," అంది.

"నువ్వు రా సుంకులీ," అంది ఓబుళమ్మ. "అది వద్దు."

సుంకులి అరుగు ఎక్కలేదు. ఒక్క నిమిషం ఆమె మొహం చూసి, వెనక్కి తిరిగి వానలోకి పోయింది.

వాన మూడు రోజులు కురిసింది. నాలుగో పొద్దున తెరిపిచ్చింది. ఓబుళమ్మ నెత్తిన గోనె వేసుకుని, కాళ్లు బురదలో జారుతుంటే కొట్టానికి పోయింది. సుంకులి గానుగ రోలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో దుత్త. దుత్త మీద గొంగడి. గొంగడి మీద సుంకులి వంగి ఉంది, ఇంటి కప్పు వంగినట్టు. మూడు రోజులు కదలకుండా కూర్చుంది. ఆ మనిషి. చేతిలో ఉలి లేకుండా మూడు నిమిషాలు ఒకచోట కూర్చోలేని మనిషి.

ఓబుళమ్మ గొంగడి ఎత్తి చూసింది. దుత్త పొడిగా ఉంది. సుంకులి ఒళ్లు నిప్పులాగా కాలుతోంది.

ఓబుళమ్మ ఇద్దరినీ ఇంటికి తెచ్చింది. దుత్తను తన కొంగులో తనే మోసింది, తనే గడప దాటించింది. కషాయాలు పోసింది, కాపడం పెట్టింది. జ్వరం మూడు రోజులు ఉంది. మూడో రోజు సుంకులి కళ్లు తెరిచి, ఓబుళమ్మ వేలు పట్టుకుని దుత్త డిప్ప మీద పెట్టింది.

"తట్టు. విను," అంది.

ఓబుళమ్మ తట్టింది. చెవి ఆనించింది. దబ్బుమంది.

"ఇంకా సుంకులమ్మా," అంది. అమ్మా అని పిలవడం అదే మొదలు. అదే చివర.

సుంకులి పోయింది. ఊరివాళ్లు మిట్ట మీద మట్టి చేశారు. తాబేలు గడప దాటింది, ఇంక ఇల్లు కూలుతుందని చూశారు. ఇల్లు కూలలేదు. ఆ ఏడూ కూలలేదు, పైయేడూ కూలలేదు. గడ్డి మార్చిందీ ఎండలో పెట్టిందీ పూలు తెచ్చిందీ ఓబుళమ్మే. రోజూ తట్టేది. వినేది. ఇంకా అనుకునేది. వెన్నెముకలో సూది గుచ్చినట్టు ఉండేదట ఆ మాట అనుకున్నప్పుడల్లా.

మళ్లీ ఎండాకాలం తలుపు తట్టే ముందు ఒక పొద్దున ఓబుళమ్మ తట్టింది. ఖంగుమంది. నమ్మకం కుదరక మళ్లీ తట్టింది. ఖంగుమంది. మూడోసారి తట్టింది. ఖంగుమంది. దుత్తను కింద పెట్టింది. అది పెరడంతా టకటకా నడిచింది. చెప్పడానికి మాత్రం మనిషి లేదు.

మూడేళ్లకు గుంపు ఏరు దాటి వచ్చింది. గంగులు నేరుగా గానుగ కొట్టానికి పోయాడు. కొట్టం ఖాళీ. చుట్టూ గడ్డి మొలిచిన గుండ్రటి బాట. బాట చూసి అది ఎవరి కాళ్లదో తెలుసుకున్నాడు. పెద్దింటి ముందుకొచ్చి నిలబడి, మా చెల్లెలేదని అడిగాడు.

ఓబుళమ్మ జరిగింది చెప్పింది. అరుగు సంగతి కూడా దాచకుండా చెప్పింది. అందుకు మాత్రం ఆమెను మెచ్చుకోవాలి. చెప్పి, దుత్తను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

గంగులు దాన్ని తిప్పి చూశాడు. కింద నాలుగు గీతలు, వెంట్రుకంత సన్నగా. ఎక్కడా వంకర లేదు. గోటితో తట్టాడు. చెవి ఆనించాడు. ఖంగుమంది.

"పలికింది మే," అన్నాడు. ఓబుళమ్మతో కాదు.

ఓబుళమ్మ సుంకులి పేరు చెక్కించి మిట్ట మీద మంచి రాయి పాతిస్తానంది. గంగులు తల అడ్డంగా ఊపాడు.

"పాతిన రాయి కదలదు తల్లీ. మా చెల్లెలు అది ఓర్చుకోలేదు. ఆ పిల్ల తీసిన రాయి ఏదైనా ఉంటే ఇవ్వు."

ఓబుళమ్మ లోపలికి పోయి ఒడిసంచి తెచ్చింది. నిమ్మకాయంత రాయి. గంగులు దాన్ని నడుముకు కట్టుకున్నాడు. నాలుగో పొద్దుకు గుంపు లేచింది. రాయి కూడా లేచింది.

గంగులు పోయాడు. ఓబుళమ్మ పోయింది. దుత్త మాత్రం ఓబుళమ్మ మనవరాళ్ల కాలందాకా ఆ పెరట్లోనే తిరిగిందంటారు. గుండ్లమిట్టలో ఈనాటికీ తాబేలు కనబడితే నీళ్ల దగ్గరికి తీసుకుపోరు. ముందు కాళ్లు చూస్తారు. జబ్బుపడి లేచినవాళ్లను చూడబోతే గడప మీద మూడుసార్లు తడతారు. లోపలి నుంచి "ఇంకా" అని వినబడితే, తెచ్చిన పాలో పండో అక్కడే పెట్టి, ఒక్క ప్రశ్న వెయ్యకుండా వెళ్లి మర్నాడు వస్తారు.

రోళ్లు మూలన పడ్డాయి. అయినా ఆ గుంపువాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వస్తారు. వస్తే ఊళ్లో మొదట అడిగేది రాయి తెచ్చారా అని. తెస్తారు. పిల్లలు, ముసలివాళ్లు, కోడళ్లు వరసగా నిలబడి ఆ నిమ్మకాయంత రాయిని చేతిలోకి తీసుకుంటారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. మూడు అనగానే పక్కవాళ్ల చేతిలో పెట్టేస్తారు. ఎవరి చేతిలోనూ దాన్ని నాలుగు దాకా ఉంచరు.