నేలవేము తీపి వదులుకున్న రోజు

ఒకప్పుడు నేలవేము తియ్యగా ఉండేది. తేనె కంటే ఒక పిసరు ఎక్కువే. కొండ మీద ఎవరికి చలిజ్వరం వచ్చినా వైద్యురాలు సన్నాయవ్వ ఆ మొక్కను కాచి ఇచ్చేది.

రుచి తెలిశాక జ్వరాలు పెరిగాయి. కోతికి వారానికి రెండుసార్లు జ్వరం. కుందేలుకు మిట్టమధ్యాహ్నం వణుకు. మనుషులు పొయ్యి దగ్గర నుదురు వెచ్చబెట్టుకుని వచ్చేవారు. చివరికి పెళ్లి పానకంలోనూ నేలవేమే కలిపారు.

నేలవేముకు అనుమానం పట్టుకుంది. "ఈయన నిజంగానే వణుకుతున్నాడా? గిన్నె కనబడగానే ఈవిడకు మూలుగు వచ్చిందేం?" అని అందరినీ ఎగాదిగా చూసేది.

ఆ ఏడు చలికాలానికి ఒక్క మొక్కే మిగిలింది. దాన్ని కాచితే ఒక్కరికే సరిపోతుంది. అవ్వ గుడిసె ముందు వరుసలో ఇరవై ముగ్గురు నిలబడ్డారు. మొదట ఎలుగుబంటి. చివర జోగులమ్మ, ఆమె భుజాన ఆరేళ్ల కూతురు పోలి. పోలి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఎలుగు మామా, నా బిడ్డను ముందు పోనీ."

"నా పళ్లు కొట్టుకోవట్లేదా?" ఎలుగు ఇంకా గట్టిగా టకటకలాడించింది.

"అంత బొచ్చుంటే చలేంటి మామా?"

"లోపలి చలమ్మా. పైకి కనబడదు."

అవ్వ ఎలుగు నుదురు తాకింది. వేడిగానే ఉంది. ఎండ కాసిన బండకు ఆనించి వచ్చిందని ఆమెకేం తెలుసు? "వరుస తప్పితే కొట్లాటే" అంటూ మొక్క దగ్గరకు నడిచింది.

నేలవేము వేళ్లతో నేలను తట్టింది. "అమ్మా, ఇద్దరూ ఒకేలా వణుకుతున్నారు. ఎవరిది నిజమో నాకు తెలియట్లేదు. నా తీపి తీసేసుకో."

"మళ్లీ ఇవ్వను. పానకంలోకి నిన్నెవరూ పిలవరు," అంది నేల.

"పిలవకపోనీ."

అవ్వ గింజలు నేల మీద దులిపి, మొక్కను పీకి కాచింది. ఎలుగు ఒక గుక్క నోట పోసుకుని తుపుక్కున ఉమ్మింది.

"అవ్వా, నా జ్వరం తగ్గిపోయింది!"

వరుసలో మిగతావాళ్లు దాని ముఖం చూశారు. చిత్రంగా వాళ్లందరికీ తగ్గిపోయింది. పోలి ఒక్కతే మిగిలింది.

"చేదే అమ్మా!"

"మింగు తల్లీ, మింగు."

పోలి కళ్లు మూసుకుని చివరి చుక్క దాకా తాగింది. సాయంత్రానికి చెమట పట్టి, అన్నం అడిగింది.

దులిపిన గింజలు మొలిచాయి. అప్పటినుంచే నేలవేము వేరు నుంచి కొన ఆకు దాకా చేదు. ఎవరు నోట పెట్టుకున్నా తొలి గుక్కలోనే అడుగుతుంది: నీకు నిజంగా జ్వరమేనా?